అరచేతిలో సైమి ఊపిరి

ఆ ఉదయం వాల్తెరి దగ్గరున్న సరుకు ఇంతే: ఒక జత వీఆర్ కళ్లద్దాలు, అరచేతుల్లో పట్టుకునే చిన్న దిండులాంటి ఒక మెత్త, సైమి ఊపిరి. మొదటి రెండూ తంపెరే నగరంలో ఎవరైనా తయారు చేయగలరు. మూడోదాన్ని నమ్ముకునే అతను బేరానికి దిగాడు.

సైమి ఛాతీకి బెల్టు కట్టుకుని తెర వెనక కూర్చుంటుంది. ఆమె ఊపిరి పీలిస్తే మెత్త ఉబ్బుతుంది, వదిలితే తగ్గుతుంది. కళ్లద్దాల్లో మంచు పట్టిన సరస్సు, చేతుల్లో ఆ ఊపిరి. ఎంత కంగారుపడే మనిషైనా ఐదు నిమిషాల్లో నెమ్మదిస్తాడు.

"రికార్డు చేసి పెట్టేస్తే నువ్వు రోజూ కూర్చోనక్కర్లేదుగా," అన్నాడొకసారి వాల్తెరి.

"మనిషి ఊపిరని చెప్పి రికార్డు చేతిలో పెడతావా? మోసం."

ఆమెతో వచ్చిన చిక్కే అది. అబద్ధమాడదు, గొంతు పెంచదు. రెండేళ్లుగా పక్క బల్ల దగ్గరే పనిచేస్తున్నా, ఆమె మనసులో తనకు చోటుందో లేదో అతనికి అంతుబట్టలేదు. ఇక లాభం లేదనుకుని ఔలు నగరంలో ఉద్యోగం చూసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పనే లేదు.

రోగుల కంగారు తగ్గించే ఈ యంత్రం కొందామని పళ్ల ఆసుపత్రి పెద్ద నర్సు రైలి వచ్చింది. వానలో తడిసిన కోటు విప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, మెత్త పట్టుకుంది.

"అబ్బ, ఎంత హాయిగా ఉందయ్యా! తర్వాత ఏదైనా చెడిపోతే నీకే చెప్పాలా?"

"సైమికి చెప్పండి. నేను వచ్చే నెల ఔలు వెళ్లిపోతున్నాను."

రైలి కెవ్వుమంది. మెత్త ఆమె చేతుల్లో గట్టున పడ్డ చేపలా కొట్టుకుంటోంది.

"ఏమిటయ్యా ఇది! సరస్సులో తిమింగలాన్ని కూడా వదిలావా?"

వాల్తెరి నిర్ఘాంతపోయాడు. ఇలా ఎన్నడూ జరగలేదు. కళ్లద్దాలు తీసిన రైలి చూపు తెర మీదికి పోయింది.

"ఇంకోసారి అను, ఎక్కడికి?"

"ఔలు."

మెత్త దడదడలాడింది.

"వెళ్లనని అను."

"వెళ్లను..."

మెత్త ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత నిండుగా, నెమ్మదిగా ఉబ్బింది.

రైలి దాన్ని అతని చేతుల్లో పెట్టింది. "చెడిపోయిన యంత్రం నేను కొనను. ముందు ఆ సంగతి తేల్చు."

చెడిందంటే బేరం పోతుంది. చెడలేదంటే? ఆ మాట బుర్రకెక్కించుకోవడానికే వాల్తెరికి భయమేసింది.

"సైమీ, యంత్రం చెడిందా?"

అతని చేతుల్లో మెత్త పరుగులు తీసింది.

"చెడిందని చెప్పెయ్యమ్మా, గండం గడుస్తుంది," అంది రైలి.

తెర పక్కకు జరిగింది. సైమి ముఖం బీట్‌రూట్ రంగులో ఉంది.

"యంత్రం బాగానే ఉంది."

"అంటే... ఎప్పట్నుంచి?"

"రెండేళ్ల నుంచి. నువ్వు కనిపిస్తే నా ఊపిరి నిలకడగా ఉండదు. అందుకేగా తెర కావాలన్నాను, మొద్దూ!"

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా?"

రైలి కోటు తొడుక్కుంది. "పన్నెండు యంత్రాలు తీసుకుంటాను. బెల్టు మాత్రం పెళ్లై ముప్పై ఏళ్లయిన నర్సుకే కడతా. ఈ పిల్లకు కడితే రోగులు కుర్చీల్లోంచి దూకేస్తారు."

సాయంత్రం ఔలుకు రానని కబురు పంపి వాల్తెరి సైమితో కలిసి ట్రామ్ స్టాపుకు వచ్చాడు. మూడు ట్రాములు వెళ్లిపోయినా ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదు. ఔలు ఉద్యోగం పోయింది, సైమి మిగిలింది. ఇంతకన్నా మంచి బేరం అతను ఎప్పుడూ చేయలేదు.