రేవు లైన్‌లో ఆలస్యమైన గంట

"ఎగ్ పాన్‌కేక్ ఒకటి. ఉల్లికాడ వద్దు."

"ఉల్లికాడ లేకుండా మేం చెయ్యం. ఇష్టమైతే తిను, లేకపోతే పో."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ యౌ మెయ్-చిన్ టిఫిన్ కొట్టు వెనక గదిలోకి వెళ్లింది. చీఫ్ జెన్ అక్కడ సోయా పాలు తాగుతూ కూర్చున్నాడు.

"ఇవాళ రేవు లైన్ ప్రారంభం. డ్రైవర్ లేని రైలు. చివరి స్టేషన్‌లో బ్రేకు పడకుండా చెయ్యబోతున్నారు," అన్నాడు. "నిరుడు మీ అన్నయ్య రైలుకి చేసినట్టే."

నిరుడు ట్రయల్ రన్‌లో రైలు ఆగకుండా గోడను గుద్దింది. అందులో ఉన్న ఒకే ఒక్క మనిషి, ఇంజనీర్ యౌ ష్వన్, చనిపోయాడు. ఆయన రాసిన ప్రోగ్రామే తప్పని కమిటీ తేల్చింది. చచ్చినవాడు జవాబు చెప్పడు కదా, వాళ్ల పని తేలికైపోయింది.

నిజానికి ఆయన చేసింది గొప్ప పని. రైళ్లను నడిపే వర్చువల్ మెషీన్లన్నీ ఒకే సర్వర్‌లో, అపార్ట్‌మెంట్‌లో కాపురాల్లా ఉంటాయి. బ్రేకు వేళైందని టైమర్ గంట కొడితే, అది ముందు కిందనున్న వాచ్‌మన్‌కి వినబడుతుంది. హైపర్‌వైజర్ అంటే ఆ వాచ్‌మనే. వాడు చేతిలో పని ముగించుకుని, మెట్లెక్కి తలుపు తట్టాలి. యౌ ష్వన్ వాడిని పక్కకు తప్పించి, గంట నేరుగా ఇంట్లోనే మోగేలా చేశాడు. శత్రువులు సర్వర్‌కి ఒక దొంగ పరికరం తగిలించి, వాడిని మళ్లీ మధ్యలో కూర్చోబెట్టి, ఊపిరాడనంత పని నెత్తిన పడేశారు. గంట మోగినా తలుపు తట్టేవాడు లేడు.

"రన్ క్యాన్సిల్ చేస్తే?"

"పరికరం పీక్కుని పారిపోతారు. కాంట్రాక్టు విదేశీ కంపెనీ నోర్‌వాల్‌కి పోతుంది. మీ అన్నయ్య మీద మచ్చ అలాగే ఉండిపోతుంది. సర్వర్ రూమంతా జల్లెడ పట్టాం, ఏమీ దొరకలేదు."

"ఎక్కడుందో తెలిసిన మనిషెవరు?"

జెన్ ఒక ఫొటో ముందుకు తోశాడు. వివియన్ ఫాంగ్. రేవు లైన్ ప్రచార తార. పేరుకి మన ఇన్ఫార్మర్, పని నోర్‌వాల్ ముఠాకి. యౌ ష్వన్‌కి కాబోయిన పెళ్లాం.

"మా వదిన," అంది మెయ్-చిన్. "నాకు వదిలెయ్యండి."

"ప్రాణాలతో కావాలి."

"చూస్తాను."

మొదటి రైలు అతిథులని జెన్ మనుషులు ఏసీ పాడైందని చెప్పి వెనక రైలుకి పంపేశారు. వివియన్ ప్లాట్‌ఫామ్ మీద కెమెరాలకు చెయ్యి ఊపుతోంది. ఎక్కే ఉద్దేశం ఆమెకు లేదు మరి. విగ్గు, మాస్కు, యూనిఫారంలో వచ్చిన మెయ్-చిన్, "మేడమ్, లోపల ఒక్క ఫొటో," అంది. ఫొటో అంటే కాదనే అలవాటు వివియన్‌కి లేదు. గుమ్మంలో నిలబడి తల వంచి నవ్వింది. వీపు మీద ఒక్క తోపు. తలుపులు మూసుకున్నాయి. లిప్‌స్టిక్ గొట్టంలోంచి దూసుకొచ్చిన ఉక్కుతీగ ఆమె మణికట్టును ముందు సీటు కమ్మీకి కట్టేసింది.

"ఎవరు నువ్వు?"

మాస్కు తీసింది. "నీ ఆడపడుచుని, వదినా. పరికరం ఎక్కడ?"

"ఏ పరికరం? పిచ్చి పట్టిందా?"

"సరే. అయితే భయమెందుకు? సముద్రం చూస్తూ కూర్చో."

రైలు వేగం అందుకుంది. వివియన్ పెదవి విరిచింది. "నువ్వూ ఇందులోనే ఉన్నావు. నాతో పాటు చస్తావా?"

"అన్నయ్య పోయాక నా ప్రాణానికి అంత గిరాకీ లేదులే."

వివియన్ చూపు ఎమర్జెన్సీ పిడి వైపు పోయింది.

"అది పనిచెయ్యదు. పొద్దున్నే విప్పించేశాను."

చివరి మలుపు తిరిగింది. ఎదురుగా గోడ, దాని వెనక సముద్రం. స్క్రీన్ మీద బ్రేకు దీపం వెలగలేదు. ఏడాదిగా మెయ్-చిన్ ఈ ముఖంలో ఈ భయం చూడాలనే బతికింది. ఇప్పుడు కళ్లు ఆర్పకుండా చూసింది.

"అన్నయ్య ఇక్కడి నుంచే నీకు ఫోన్ చేశాడు. ఎత్తలేదేం?"

"ప్యాకెట్! సర్వర్ మీది ఆకుపచ్చ ప్యాకెట్‌లో ఉంది! నేనే పెట్టాను!"

మెయ్-చిన్ పళ్లు కొరికింది. ఈ దీవిలో ప్రతి సర్వర్ మీదా ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ ఉంటుంది. అది ఉంటే మెషీన్ బుద్ధిగా నడుస్తుందని, కదిపితే అలుగుతుందని ఇంజనీర్ల నమ్మకం. వెతికినవాళ్లు స్క్రూలన్నీ విప్పి, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"హ్సు గారూ! ఆకుపచ్చ ప్యాకెట్ చింపండి!" అని మైక్‌లో అరిచింది.

సర్వర్ రూములో చీఫ్ ఇంజనీర్ హ్సు ప్యాకెట్ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దాన్నా తల్లీ? రైలు నడుస్తుండగానా? ఏమైనా అయితే?"

"అవుతూనే ఉంది! చింపండి!"

పర్రుమన్న చప్పుడు. "ఉంది! వైరు పీకేశా!"

దీపం వెలిగింది. చక్రాలు కీచుమన్నాయి. ఇద్దరూ ముందుకి తూలిపడ్డారు. గోడకి జానెడు దూరంలో రైలు ఆగింది.

వివియన్ వెక్కుతూ తలెత్తింది. "నన్ను చంపాలనుకున్నావు కదా. ఎందుకు కాపాడావు?"

"నేనెక్కడ కాపాడాను? మా అన్నయ్య ప్రోగ్రాం కాపాడింది," అంది మెయ్-చిన్ కళ్లు తుడుచుకుంటూ. "బాగా పనిచేస్తుందని కమిటీ ముందు చెప్పు వదినా. నీ అంత దగ్గరగా చూసినవాళ్లు ఇంకెవరూ లేరు."