అడగకముందే క్షమించే అన్నయ్య

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పెద్దాయన. లేచి మొహం కడుక్కుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పావుగంట ప్రార్థన చేసుకుంటాడు. ప్రార్థన మంచిదే. కాకపోతే ఆయన గొంతు కొంచెం పెద్దది. వంటగదిలో టీ కాస్తున్న భార్యకి ప్రతి మాటా వినిపిస్తుంది.

“నిన్న నలుగుర్ని క్షమించాను స్వామీ. పాలవాణ్ణి, పక్కింటాయన్ని, కరెంటాఫీసు గుమాస్తాని, మా తమ్ముణ్ణి. తమ్ముణ్ణి మాత్రం రెండుసార్లు.”

ఇవాళ్టి జాబితాలో తన పేరు లేనందుకు భార్య ఊపిరి పీల్చుకుంది. కిందటి వారం ఆవిడ్ని కూడా క్షమించాడు. నేనేం చేశానండీ అని అడిగితే, తెల్లవారుజామున కలలో తనమీద గరిటె విసిరిందన్నాడు. కలలో విసిరినందుకు క్షమించేశారు కాబట్టి నిజంగా విసరడానికి వీల్లేకుండా పోయిందని ఆవిడ బాధ.

ఆయన దర్జీ. ఇంటి ముందుగది దుకాణం, వెనక మూడు గదుల్లో కాపురాలు. ఆయన, ఆయన భార్య, తమ్ముడు, తమ్ముడి భార్య. తండ్రి పోయాక పదకొండేళ్ళుగా అన్నదమ్ములిద్దరూ కలిసే నడుపుతున్నారు. కొలతలు అన్న తీస్తాడు, గుడ్డ తమ్ముడు కోస్తాడు, మిషను ఇద్దరూ తొక్కుతారు. కాజాలు, గుండీలు తమ్ముడి భార్యవి. ఇస్త్రీ అన్న భార్యది, అంటే ఇంట్లో పెద్దావిడది. ఎవరేం చేసినా అన్న నోటివెంట మొదట వచ్చే మాట ‘పోన్లే’ కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని ‘పోన్లే టైలరు’ అంటారు. ఆయనకది బిరుదులా అనిపిస్తుంది.

ఆ రోజు ఆదివారం, దుకాణానికి సెలవు. ఆయన ప్రార్థన ముగించుకుని ముందుగదిలోకి వచ్చి టీ గ్లాసు అందుకునేసరికి, తమ్ముడు పెద్ద కత్తెరని పాతగుడ్డలో చుట్టి సంచిలో పెడుతున్నాడు. తమ్ముడి భార్య చేతిలో మరో సంచి ఉంది.

“ఎక్కడికిరా పొద్దున్నే?”

“రెడీమేడ్ కంపెనీలో కటింగ్ మాస్టరు పని దొరికింది అన్నయ్యా. రేపట్నుంచి రమ్మన్నారు. ఉండటానికి ఇల్లు కూడా ఇస్తారట. వెళ్తున్నాం.”

పెద్దాయన టీ ఒక గుక్క తాగాడు. బాధ కలిగింది. అంతలోనే అలవాటు కొద్దీ మనసు మెత్తబడింది.

“పోన్లేరా. చెప్పకుండా పని చూసుకున్నావు. అయినా క్షమించాను.”

“అదిగో,” అన్నాడు తమ్ముడు భార్యవైపు తిరిగి. “నేను చెప్పలా? గుమ్మం దాటేలోపు ఒకటి పడుతుందని.”

“ఏం పడింది?” పెద్దాయనకి అర్థం కాలేదు.

“నీ క్షమ.”

పెద్దావిడ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తమ్ముడు సంచి కింద పెట్టాడు.

“నిన్న డాక్టరుగారి కోటు సంగతి చూడు. గుండీ పట్టలేదు. బిగించి పెడితే తెగి ఎగిరి అద్దానికి తగిలింది. దుకాణంలో ఆరుగురున్నారు. అందరి ముందూ గుండెమీద చెయ్యేసుకుని ఏమన్నావు? ‘తప్పు మా తమ్ముడిది డాక్టరుగారూ, వాడు మొదట్నుంచీ ఇంతే, నేను క్షమిస్తూనే ఉన్నాను, మీరూ పెద్దమనసు చేసుకోండి’ అన్నావు.”

“అందులో తప్పేముంది? నిన్ను వెనకేసుకొచ్చానే.”

“వెనకేసుకు రావడమా అది? నిలబెట్టి నలుగురికీ చూపించావు. ఒక్కసారైనా తిట్టు అన్నయ్యా. తిడితే నేను తిరిగి ఓ మాట అనొచ్చు. ఇలా కాదు, అలా కాదు అని చెప్పుకోవచ్చు. నువ్వు క్షమించేస్తావు. ఇక నేను నోరెత్తితే, క్షమించిన దేవుడిమీద నోరు పారేసుకున్న పాపిని అయిపోతాను.”

“కోపంలో ఉన్నావు. కోపంలో ఏదో అంటావు. పోన్లే, నేను క్ష—”

“ఏవండీ,” అంది పెద్దావిడ. “ఆ మాట మింగండి. టీతో పాటు మింగండి.”

ఆయన మింగాడు. కష్టంగానే దిగింది.

“బావగారూ,” అంది తమ్ముడి భార్య. ఆ అమ్మాయి ఆయన ఎదుట మాట్లాడటమే తక్కువ. “ఈయన రెండేళ్ళలో రెండుసార్లు కళ్ళద్దాలు మార్పించుకున్నారు. స్కేలు తప్పు చదువుతున్నానేమోనని. రాత్రి భోజనాలయ్యాక కూడా కోసిన గుడ్డ మళ్ళీ మళ్ళీ కొలుచుకుంటారు.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“మీరెప్పుడూ అడగలేదు కదండీ,” అంది పెద్దావిడ. “ఇప్పుడైనా అడగండి, కోటు ఎందుకు బిగుతైందని. దేవుడు కూడా మన మొర విన్నాకే క్షమిస్తాడు. మీరు ఆయనకన్నా తొందరపడుతున్నారు.”

ఆయనకి ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ప్రార్థన చేసే మనిషిని దేవుడితో పోల్చి తక్కువ చేస్తే బాధే మరి. గొంతు సవరించుకున్నాడు. పదకొండేళ్ళలో తమ్ముణ్ణి ఆ ప్రశ్న అడగలేదు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

“అది... కోటు ఎందుకు బిగుతైందిరా?”

“నువ్వు రాసిచ్చిన చీటీలో చాతీ నలభై అని ఉంది. నలభైకి ఎంత వదలాలో అంత వదిలి కోశాను. చీటీ ఇదిగో. కోటు అదిగో. నువ్వే కొలుచుకో.”

పెద్దాయన కోటుని కటింగ్ బల్లమీద పరిచాడు. స్టీలు స్కేలు పెట్టి ఒకసారి, అటునుంచి ఒకసారి కొలిచాడు. చీటీ ప్రకారం ఉండాల్సినదానికి నూలుపోగంత తేడా కూడా లేదు. ఆయన మొహం వికసించింది.

“అయితే నీ తప్పు కాదన్నమాట. డాక్టరుగారే లావెక్కారు. పోన్లే పాపం, ఆయన్ని—”

“ఆయన్ని కూడానా?” అంది భార్య.

“మరి కొలత నాది. కొలత తప్పే ప్రశ్నే లేదు. ఇది నాన్న టేపు.” మెడలో వేలాడుతున్న పాత గుడ్డటేపుని ఆయన చేత్తో నిమిరాడు. దాన్ని ఆ ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. తండ్రి మెడలో పదిహేనేళ్ళు, ఆయన మెడలో పదకొండేళ్ళు ఉంది. అంకెలు సగం చెరిగిపోయినా చూడకుండానే చెప్పగలడు. “కావాలంటే చూడండి,” అంటూ దాన్ని తీసి బల్లమీద పరిచాడు.

కటింగ్ బల్ల అంచున ఇత్తడి మేకులతో అంగుళాల గుర్తులున్నాయి. టేపు మొదలుని బల్ల మొదలుకి ఆనించి, వేళ్ళతో సర్దుకుంటూ చివరిదాకా వచ్చాడు. టేపులో నలభై, బల్లమీద నలభై ఒకటి దగ్గర ఆగింది.

ఆయన టేపు తీసి, దులిపి, మళ్ళీ పరిచాడు. మళ్ళీ నలభై ఒకటే.

“బల్ల ఎండకి కుంచించుకుపోయి ఉంటుంది,” అన్నాడు మెల్లగా.

తమ్ముడు స్టీలు స్కేలు తెచ్చి బల్ల గుర్తుల పక్కన పెట్టాడు. రెండూ సరిగ్గా కలిశాయి.

“గుడ్డటేపు కదండీ,” అంది పెద్దావిడ. “ఇన్నేళ్ళు లాగితే సాగదా? మీరు నలభై ఒకటున్న మనిషిని కొలిచి నలభై అని రాస్తున్నారు. పిల్లవాడు నలభైకే కోస్తున్నాడు. అంగుళం బిగుతు రాక ఏం వస్తుంది?”

పెద్దాయన స్టూలుమీద కూర్చున్నాడు. కళ్ళముందు ఒక్కొక్కరే కనపడ్డారు. ప్యాంటు పట్టక, సాయంత్రం పూట పార్కుచుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టిన బ్యాంకు మేనేజరు. రాత్రి భోజనం మానేసిన హెడ్మాస్టరు. కుట్లు విప్పి వదులు చేస్తూ, తమ్ముడి తప్పు దిద్దుతున్నాను స్వామీ అని తను చెప్పుకున్న ప్రార్థనలు. ఆ ప్రార్థనలు విని దేవుడు ఏమనుకుని ఉంటాడో తలచుకుంటే చెవులు వేడెక్కాయి.

“ముందు డాక్టరుగారికి చెప్పాలి,” అని లేచి ఫోను అందుకున్నాడు. తమ్ముడితో మాట్లాడటం కంటే అదే తేలిక అనిపించింది.

“డాక్టరుగారూ, మీరు లావెక్కలేదండీ. తప్పు మా టేపుది.”

అవతల డాక్టరుగారు కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. “ఒక్క నిమిషం. ఫోను మా ఆవిడకిస్తాను. ఆ మాట ఆవిడతో చెప్పండి. మూడు నెలల కిందట మీరు కుట్టిన ప్యాంటు పట్టనప్పట్నుంచీ నాకు ఉడకబెట్టిన సొరకాయ తప్ప ఏమీ పెట్టడం లేదు.”

ఆవిడతో చెప్పాడు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

“తప్పు టేపుదా?” అంది భార్య.

“అంటే... పొరపాటు జరిగింది.”

“ఎవరు చేశారు? టేపుని కూడా క్షమించేశారా?”

ఇతరుల్ని క్షమించడంలో అంత చెయ్యి తిరిగిన మనిషికి, తను అడగాల్సి వచ్చేసరికి నాలుక తిరగలేదు. తమ్ముడికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వాడు తనకంటే పదేళ్ళు చిన్నవాడు. సూదిలోకి దారం ఎక్కించడం తనే నేర్పాడు.

“తప్పు నాదిరా,” అన్నాడు. “నా కొలత తప్పు. అది ఒకటే కాదు. నిన్ను అడగకుండా తప్పు నీదేనని అనేసుకున్నాను. అనుకుని, పైగా క్షమించాను. నన్ను... క్షమించు.”

అని ఆగాడు. ఇప్పుడు తమ్ముడు ‘పోన్లే అన్నయ్యా’ అంటాడని ఎదురుచూశాడు. తమ్ముడు అనలేదు.

“నాకు కోపంగా ఉంది.”

“ఇప్పుడు కూడానా?”

“ఇప్పుడే ఎక్కువ ఉంది. ఇన్నాళ్ళూ నా కళ్ళమీద నాకే కోపం. ఇప్పుడది నీమీదికి తిరిగింది. నువ్వడిగావు కదా అని టక్కున పోతుందా?”

“ఎన్నాళ్ళుంటుంది?”

“నాకేం తెలుసు? మొదటిసారి కోప్పడుతున్నాను.”

పెద్దాయనకి వింతగా అనిపించింది. ఇంతమందిని క్షమించాడు కానీ, ఎదుటివాడు క్షమిస్తాడో లేదో తెలియకుండా నిలబడటం ఎలా ఉంటుందో ఆయనకి ఇంతవరకూ తెలియదు.

“సరే, కోప్పడు,” అన్నాడు. “కానీ ఎక్కడికో పోయి కోప్పడితే నాకెలా తెలుస్తుంది? ఇక్కడే ఉండి కోప్పడరా.”

పెద్దావిడ ఆ మాటకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. తమ్ముడు మాత్రం ఆ అవకాశాన్ని వదులుకోలేదు. మొదలుపెట్టాడు. తమ ముందుగదిలోనే తనని చేతకానివాణ్ణి చేసిన రోజులన్నీ వరసగా చెప్పాడు. అన్న ఒకటికి ఔనన్నాడు, రెండోదానికి కాదన్నాడు, మూడోదానికి గొంతు పెంచాడు. తమ్ముడూ పెంచాడు. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో అంత చక్కని పోట్లాట జరగలేదు. పక్కింటాయన గోడమీదుగా తొంగిచూసి, ఆ కేకలు వచ్చింది ఆ ఇంట్లోంచేనని నమ్మలేక వెళ్ళిపోయాడు.

“అన్నీ ఒప్పుకుంటాను,” అన్నాడు పెద్దాయన చెమట తుడుచుకుంటూ. “కానీ పోయినేడాది ఆ గళ్ళచొక్కాకి రెండు చేతులూ ఎడమచేతివే కోశావు. అదీ టేపు చేసిందేనా?”

“కాదు. అది నేనే.”

“అప్పుడు పోన్లే అన్నాను. అనకూడదు. ఇప్పుడంటాను విను. బుద్ధుందట్రా నీకు? పసిపిల్లవాడు కూడా చెయ్యడు ఆ పని. గుడ్డ ముందు పెట్టుకుని మనసు ఎక్కడ పెట్టుకున్నావు?”

తమ్ముడి మొహంలో కోపం ఒక్కసారిగా జారిపోయింది.

“ఆస్పత్రిలో,” అన్నాడు.

“ఏ ఆస్పత్రిలో?”

“ఆ రోజు పొద్దున్నే మేమిద్దరం వెళ్ళొచ్చాం. బజారుకని చెప్పి వెళ్ళాం. ఇక పిల్లలు పుట్టరన్నారు. వచ్చి బల్లముందు కూర్చుని ఆ చొక్కా కోశాను. నువ్వు చూసి తిడతావనుకున్నాను అన్నయ్యా. ఎక్కడ చచ్చింది నీ బుర్ర అని ఒక్క మాటంటే చాలు, నీ దగ్గర ఏడుద్దామనుకున్నాను. నువ్వు పోన్లే అని చొక్కా పక్కన పెట్టేసి నవ్వావు.”

తమ్ముడి భార్య గోడవైపు తిరిగింది. పెద్దావిడ వెళ్ళి ఆ అమ్మాయి చేతిలోని సంచి తీసి కిందపెట్టి, “నాకైనా చెప్పలేదేమే” అంటూ తలని భుజానికి ఆనించుకుంది.

పెద్దాయన నోటిదాకా పాతమాట వచ్చింది. అది ఎంత చిన్న మాటో మొదటిసారి తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ మాటతో ఎదుటివాడి గుమ్మంలోనే తలుపు వేసేసి, లోపలికి వెళ్ళి చూసొచ్చినట్టు దేవుడికి చెప్పుకున్నాడు. కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. స్టూలుని తమ్ముడి దగ్గరగా లాక్కుని, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు.

“ఏమన్నార్రా డాక్టర్లు?” అని అడిగాడు. “మొదట్నుంచీ చెప్పు. నేను మధ్యలో మాట్లాడను.”