దారంతో కొలిచిన దారి

"బుడ్డీ, మ్యాప్ మీద నుంచి చెయ్యి తియ్!"

అక్క అరుపుకి చెల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. కానీ అక్కణ్ణించి కదల్లేదు. నాన్న గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల మీద కొండల మ్యాప్ పరిచి ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా నాలుగు మూలలా దారపు రీళ్లు పెట్టారు.

పదకొండేళ్ల అక్కని ఇంట్లో అందరూ కలెక్టరమ్మ అంటారు. ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టనిదే తనకి తోచదు. అందుకే కొండల్లో నడక ప్లాన్ మొత్తం తనకే అప్పగించారు. ఆసుపత్రిలో పనిచేసే అమ్మకి నెల ముందు అడిగితే సరిగ్గా నాలుగు రోజుల సెలవు దొరికింది. ఆ నాలుగు రోజుల్లోనే వెళ్లి రావాలి.

దారిలో రాత్రి పడుకోవడానికి రెండు బసలున్నాయి. కలెక్టరమ్మ స్కేలు పెట్టి తిన్నగా గీత గీసి కొలిచింది.

"రెండో బసకి పది కిలోమీటర్లే నాన్నా! మొదటి బస దగ్గర ఆగక్కర్లేదు. మొదటి రోజే రెండో బసకి వెళ్లిపోదాం. రెండో రోజు శిఖరం ఎక్కి మళ్లీ అక్కడికే. మిగతా రెండు రోజులూ అవతలివైపు దిగడం."

"సరే కలెక్టరమ్మా," అన్నాడు నాన్న, మిషన్ ఆపకుండానే.

శిఖరం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. శిఖరం ఎక్కబోతున్నానని కలెక్టరమ్మ క్లాసులో అందరికీ చెప్పేసింది కూడా.

"అక్కా, నీ గీత దారి మీద లేదు," అంది బుడ్డి. "గాల్లో పోతోంది."

"నీకు మ్యాప్ చూడ్డం వచ్చా?"

"రాదు. కానీ దారి పాములా ఉంది. నీ గీత కర్రలా ఉంది."

"రెండో తరగతి వాళ్లు రెండో తరగతి వాళ్లలా ఉండాలి," అంటూ అక్క ఫోన్ అందుకుంది.

రెండు బసలూ చూసుకునేది ఒకే కాపలాదారు. ఐదింటిలోగా చెప్పకపోతే గదులు వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు.

"పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి, మధ్యాహ్నం రెండింటికల్లా రెండో బసకి వచ్చేస్తామండీ."

అవతల కాపలాదారు నవ్వాడు.

"నడిచి వస్తారా పాపా, ఎగిరి వస్తారా? మీలో చిన్నపిల్లలున్నారా?"

"మా చెల్లి. ఏడేళ్లు."

"అయితే ఇంకోసారి చూసుకుని ఫోన్ చెయ్యి తల్లీ. అది చీకట్లో నడిచే దారి కాదు."

కలెక్టరమ్మ చెవులు వేడెక్కాయి.

"ఏమన్నాడు?" అడిగాడు నాన్న.

"మళ్లీ చేస్తానని చెప్పాను," అంది, మిగతాది మింగేసి.

నాన్న ఒక జాకెట్టు మెడ కొలుస్తున్నాడు. టేపు మెడ వంపు వెంటే మెల్లగా తిరిగింది. కలెక్టరమ్మ ఆ టేపు వంకే చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తోంది, నాన్న ఏనాడూ మెడని స్కేలుతో కొలవలేదు.

రీలు నుంచి బారెడు దారం తెంపింది. మ్యాప్ మీద దారి వెంట పరవబోయింది. ఒక మలుపు దగ్గర నొక్కితే ఇంకో మలుపు దగ్గర జారిపోయింది.

"బుడ్డీ, ఒక వేలు ఇటు పెట్టవా?"

"చెయ్యి తియ్యమన్నావుగా?"

"ఇప్పుడు పెట్టమంటున్నానమ్మా. నీకు దండం పెడతా."

బుడ్డి నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, మలుపు మలుపుకీ వేలు నొక్కింది. తర్వాత దారాన్ని తిన్నగా లాగి స్కేలు పక్కన పెట్టారు. ముప్పై ఏడు సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు లెక్కన పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు! మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే.

'కాస్త వేగంగా నడిస్తే సరిపోదా?' అనుకుంది కలెక్టరమ్మ. శిఖరం చుట్టూ ఎర్ర సున్నా ఇంకా అలాగే ఉంది. గడియారం నాలుగు చూపిస్తోంది.

బుడ్డి వీపుకి స్కూలు బ్యాగు తగిలించి, వీధి చివర నీళ్ల ట్యాంకు దాకా ఎత్తు రోడ్డు ఎక్కించింది. అర కిలోమీటరు.

"ఇంకా ఎంత దూరం?"

"వచ్చేశాం."

"వచ్చేశాం అని నాలుగోసారి చెప్పావు."

బుడ్డి రెండుసార్లు బూటు లేసు కట్టుకుంది. ఒకసారి ఎవరి గుమ్మం మీదో కూర్చుంది. నీళ్లు తాగింది. ఎక్కేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కలెక్టరమ్మ అక్కడే నిలబడి లెక్క వేసుకుంది. ఈ నడకతో రెండో బసకి పన్నెండు గంటలు దాటుతుంది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే చేరేది రాత్రి ఎనిమిది దాటాకే.

ఇంటికి వచ్చేసరికి అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

"అమ్మా, నేను తప్పు కొలిచాను," అంది కలెక్టరమ్మ గుమ్మంలోనే. "నాన్నా, మీకు సగమే చెప్పాను. కాపలాదారు మళ్లీ చూసుకోమన్నాడు. మొదటి రోజు మొదటి బస దగ్గరే ఆగాలి."

"మరి శిఖరం?" అడిగింది అమ్మ.

"కుదరదు. ఒకరోజు తక్కువవుతుంది."

"సెలవు ఇంకో రోజు అడిగి చూడనా?"

"వద్దమ్మా. ఈ నాలుగు రోజులకే నువ్వు ఎన్నిసార్లు అడిగావో నాకు తెలుసు."

"క్లాసులో చాటింపు వేశావుగా?" అన్నాడు నాన్న.

"వేశాను. మళ్లీ నేనే వేస్తాను, ఎక్కట్లేదని."

రబ్బరు తీసుకుని ఎర్ర సున్నాని చెరిపింది. కాగితం మీద కొద్దిగా గులాబీ రంగు మిగిలింది. ఐదింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. ఫోన్ చేసింది.

"మొదటి రోజు మొదటి బస, రెండో రోజు రెండో బసండీ. శిఖరానికి వెళ్లట్లేదు."

"మంచిది తల్లీ. మొదటి బసకి ఎన్నింటికి వస్తారు?"

కలెక్టరమ్మ పెన్సిల్ పట్టుకుని ఆగింది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగింది.

"బుడ్డీ, మధ్యలో ఎన్నిసార్లు కూర్చుంటావు?"

బుడ్డి వేళ్లు లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి చాల్లేదు.

"ఆరు."

"నిజంగా చెప్పు. నేనేమీ అనను."

"అయితే ఎనిమిది."

కలెక్టరమ్మ దారి మీద ఎనిమిది చుక్కలు పెట్టి, ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకుంది.

"మూడింటికి వస్తామండీ. నడిచే వస్తాం."