జానెడు సందు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మొగిలి. వ్యాన్‌ని మెకానిక్ దగ్గరికి తీసుకుపొమ్మని పెళ్లాం వసంత మొత్తుకుంటున్నా వినలేదు. "అద్దం రబ్బరు మార్చుడు గూడ ఒక పనేనా? నేను జూడలేదా ఏంది?" అని, ఆదివారం సాయంత్రం వాన కాస్త తెరిపి ఇవ్వగానే పాత ఓమ్నిని ఇంటి ముందు నిలబెట్టి రబ్బరు పీకడం మొదలుపెట్టాడు.

నానక్‌రామ్‌గూడలో ఆ గల్లీకి చివరి ఇల్లు వాళ్లది. ఇల్లంటే రెండు గదులు, ముందు రేకుల పందిరి. తలెత్తితే ఎటు చూసినా అద్దాల టవర్లే. ఆదివారం పూట కూడా వాటిలో సగం అంతస్తులు వెలుగుతూనే ఉంటాయి. ఆ అపార్టుమెంట్ల పిల్లల్నీ ఈ గల్లీ పిల్లల్నీ మొగిలి తన వ్యాన్లో బడికి తిప్పుతాడు. అందులో అతని కూతురు రోహిణి కూడా ఉంది. ఏడేళ్ల పిల్ల, ఒక్కతే సంతానం.

ఆ పిల్లకు ఆయాసం. వానాకాలం వచ్చిందంటే చాలు, ఛాతీలో పిల్లి కూతలు మొదలవుతాయి. తడవనివ్వొద్దని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లో ఎట్లాగో కాపాడుకుంటున్నారు గానీ, వ్యాన్లో ఆ మొండిఘటం వెనక కిటికీ పక్కన తప్ప ఇంకెక్కడా కూర్చోదు. వాన నీళ్లన్నీ వచ్చేది ఆ కిటికీలోంచే. మొన్న అట్లాగే తడిసి వచ్చి, రాత్రంతా ఊపిరి అందక అల్లాడిపోయింది. తల్లీ తండ్రీ చెరో పక్కన కూర్చుని, ఎగిరెగిరి పడుతున్న ఆ చిన్న ఛాతీ వైపు చూస్తూ తెల్లవార్లూ గడిపారు. ఆ భయం పగవాడికి కూడా వద్దు.

పాత రబ్బరు ఎండి బీటలు వారి ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఒక్కచోట మాత్రం మొగిలి చెయ్యి ఆగింది. కింది అంచున, సీట్లో కూర్చున్న పిల్లల మూతికి సరిగ్గా ఎదురుగా, రబ్బరు అరిగిపోలేదు. ఎవరో కత్తితో నీటుగా కోసి తీసేశారు. జానెడు మేర.

"చూడే, ఎవడో పనిలేనోడు," అని వసంతకు చూపించాడు. "వానను రమ్మని దర్వాజ తెరిచి పెట్టిండు."

"లింగయ్య తాతనే కోసి ఉంటడు," అంది వసంత.

వ్యాన్ అమ్మింది హఫీజ్‌పేట్ లింగయ్య. తాళాలు చేతిలో పెడుతూ, "వెనక అద్దం కాడ జర వాన పడుతది. పడనియ్," అన్నాడు ముసలాయన. రబ్బరు కొనడానికి కూడా చెయ్యి రాని పిసినారి అని మొగిలి అప్పుడు నవ్వుకున్నాడు.

ఈ పని సంగతి తెలియని వాళ్లకు ఒక ముక్క చెప్పాలి. కొత్త రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, సులువుగా జారేందుకు సబ్బు నీళ్లు పూసి, దాని గాడిలో సన్నటి తాడు చుడతారు. తాడు కొసలు వ్యాన్ లోపలికి వేలాడతాయి. బయట ఒకరు అద్దాన్ని అరచేతులతో అదిమి పట్టుకోవాలి. లోపల ఒకరు కూర్చుని తాడును మెల్లగా లాగుతూ పోతే, రబ్బరు ఇనప అంచు మీదికి ఎక్కుతుంది. తాడు మొత్తం ఊడి వచ్చేసరికి అద్దం బిగుసుకుంటుంది. ఒక్క మనిషితో అయ్యే పని కాదు.

వసంత లోపల కూర్చుంది, మొగిలి బయట నిలబడ్డాడు. అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంది కాబట్టి ఒకరికొకరు కనబడరు.

"లాగు... ఆ, లాగు. ఏందే, గట్ల గుంజుతవ్? రబ్బరు తెగుతది!"

"నువ్వు నెట్టేది నువ్వు నెట్టు. సబ్బు నీళ్లకు తాడు జారుతుంటే నేనేం జెయ్యాలె?"

అట్లా ఒకరినొకరు తిట్టుకుంటూ సగం ఎక్కించారు. అంతలో మళ్లీ వాన. రేకుల మీద ఒకటే మోత. దానికి తోడు కరెంటు కూడా పోయింది. టవర్ల లైట్లు పైన వెలుగుతున్నాయి గానీ గల్లీ అంతా మసక చీకటి. చేతులు తీస్తే అద్దం జారి పడుతుంది. మొగిలి తల వంచుకుని అదుముతూనే ఉన్నాడు.

"లాగు," అన్నాడు.

తాడు కదిలింది. ఈసారి గుంజుడు లేదు. మెల్లగా, ఒకే తీరుగా... రబ్బరు పాకుతున్నట్టు అంచు మీదికి ఎక్కింది. కొత్త రబ్బరు వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది.

"గిట్ల! గిప్పుడు మంచిగ లాగుతున్నవ్. ఇంక జర మెల్లగ..."

ఇంకా మెల్లగా కదిలింది. పెళ్లయిన ఇన్నేళ్లలో వసంత అతని మాట ఒక్కసారికే వినడం ఇదే మొదలు. మొగిలికి నవ్వొచ్చింది కూడా.

చివరి మూల ఎక్కింది. టప్‌మని అద్దం కూర్చుంది. నడుం పట్టుకుంటూ వెనక్కి తిరిగాడు.

ఇంటి గుమ్మంలో వసంత నిలబడి ఉంది. చేతిలో దీపం.

"ఎవలతోని ముచ్చట పెడుతున్నవ్?" అంది.

మొగిలి అద్దం వైపు ఒకసారి తిరిగి చూశాడు. "నువ్వు... ఎప్పుడు దిగినవ్?"

"దీపం పెట్టే యాళ్లయిందని చెప్పి దిగితి గద. వానల ఇనబడలేదా?" అని అటూ ఇటూ చూసింది. "పాప ఏది? నీ కాడికే ఉరికింది."

"నా కాడికి రాలె..."

ఇద్దరూ వ్యాన్ వైపు చూశారు.

లోపల్నుంచి పిల్లి కూత.

సన్నగా, సాగి సాగి వచ్చే ఆ కూతను మొగిలి నిద్రలో కూడా గుర్తుపడతాడు. రోహిణిదే. అది ఆగింది. ఆగిన చోటే ఇంకొకటి మొదలైంది... లోతుగా, బొంగురుగా. అది ఆగాక మళ్లీ రోహిణిది. మళ్లీ అది.

పక్క డోరు గుంజాడు. రాలేదు. ముందుకు ఉరికాడు. అన్నీ లోపల్నుంచి లాక్ పడి ఉన్నాయి. తాళంచెవి లోపలే వేలాడుతోంది.

"బిడ్డా! లాక్ తియ్యే! రోహిణీ!" వసంత దీపం పారేసి రెండు చేతులతో డోరు బాదింది.

లోపల మాట లేదు. ఊపిరే... ఒకటి ఆగితే ఒకటి. రోహిణిది పొట్టిదవుతోంది. రెండోది పొడుగవుతోంది.

అయ్యో, చీకట్లో పిల్ల ఏ అద్దం పక్కన ఉందో తెలీదు, రాయి పెట్టి కొడితే పెంకులు పిల్ల కళ్లలోనే పడతాయి! మొగిలి కత్తి అందుకుని కొత్త రబ్బరు మీద పడ్డాడు. కోసి అద్దం ఊడదీద్దామని. కింది అంచున పొడిచి లాగాడు. జానెడు తెగింది.

ఆ సందులోంచి గాలి లోపలికి పోయింది. పోవడం కాదు... లోపల్నుంచి ఎవరో పీల్చారు. అతని చేతి మీది వెంట్రుకలు అటువైపు వంగాయి.

టక్... డోరు లాక్ దానంతట అదే లేచింది.

రోహిణి లోపల కూర్చుని ఉంది. ఎప్పటిలా కిటికీ పక్కన కాదు. ఇటు జరిగి, కిటికీ పక్కన చోటు వదిలి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఒళ్లో తాడు, చక్కగా చుట్ట చుట్టి ఉంది.

వసంత పిల్లను ఎదకు హత్తుకుని బావురుమంది. మొగిలి గుసగుసగా అడిగాడు. "నువ్వేనా బిడ్డా, లాగింది?"

"నేను గాదు నాయినా." పిల్ల ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు మెల్లగ లాగుమన్నవ్ గద... చెప్పినట్టే ఇన్నది."

"ఎవరు?"

రోహిణి ఖాళీ చోటు వైపు చూసింది.

మర్నాడు మొగిలి లింగయ్యకు ఫోన్ చేశాడు. ఇతను హలో అనకముందే, "మార్చినవా?" అన్నాడు ముసలాయన. "మార్చినంక మళ్ల ఎంత కోసినవ్?"

"జానెడు."

"సరిపోతది," అన్నాడు. "గప్పుడు లోపల ఎవలన్న ఉండిరా?"

"నా బిడ్డ ఉండె."

ముసలాయన ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

వ్యాన్‌ని తుక్కుకు ఇచ్చేద్దామని మొగిలి గల్లీ మొదట్లో నిలిపేశాడు. బడి పిల్లల్ని బామ్మర్ది రాజు ఆటోలో తిప్పుతున్నాడు. అయినా మనసు ఊరుకోదు కదా! రోజూ పొద్దున్నే పోయి చూసేవాడు. రాత్రంతా తాళం వేసి ఉన్న వ్యాన్లో, వెనక అద్దానికి లోపలి వైపు ఆవిరి మచ్చ ఉండేది. పిల్లల మూతి ఎత్తులో. గుడ్డతో తుడిచి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు.

ఒకనాడు పొద్దున మచ్చ లేదు. రాత్రంతా వాన కురిసినా అద్దం లోపలి వైపు పొడిగా ఉంది. వంగి సందులోకి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. పీడ విరగడైందని దండం పెట్టుకుని ఇంటికి పరుగున వచ్చాడు.

వసంత గుమ్మంలోనే ఎదురొచ్చింది. చాన్నాళ్లకు ఆమె మొహంలో కళ కనబడింది. "రాత్రి పాప ఒక్కసారి గూడ దగ్గలె. పిల్లి కూతలు లెవ్వు. ఎంత మంచిగ పండిందో చూడుపో," అంది.

మొగిలి లోపలికి పోయి చాప పక్కన కూర్చున్నాడు. రోహిణి వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. మెల్లగా, ఒకే తీరుగా...

అరచెయ్యి పిల్ల ముక్కు దగ్గర పెట్టి చూశాడు. ఊపిరి చల్లగా తగిలింది. కొత్త రబ్బరు వాసన వేసింది.