వాగు అవతలి కూత

"వాడి నోట్లోకి నా తమాలే ఒక్కటి కూడా వెళ్లడానికి వీల్లేదు," అంది ఎలోదియా, మొక్కజొన్న పొత్తు ఆకుల్లో పిండి చుట్టి ఉడికించిన తమాలేల గిన్నె మీద మూత బిగిస్తూ.

ఈ గొడవ నిద్ర లేచిన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది.

"గిన్నెడు వండి ఇప్పుడు పట్టుకెళ్లొద్దంటే ఎలా?" ఆమె భర్త రెఫూహియో టోపీ వెతుక్కుంటున్నాడు.

"వండింది పిట్టల నడకకి వచ్చేవాళ్ల కోసం. ఆ హేగ్ కోసం కాదు. ఇన్నేళ్లూ చలికాలం వస్తే చాలు, ఆ సరస్సు గట్టున జనానికి పిట్టల్ని చూపించింది నువ్వు. నీ ఇంగ్లీషు సరిపోదని పార్కు వాళ్లకి చెప్పి నిన్ను తీయించింది వాడు. మళ్లీ వాడికే నువ్వు టిఫిన్ మోసుకెళ్తావా, ముసలాడా?"

"వాడికి కాదే. మార్లీన్‌కి."

"మార్లీన్‌కైతే వేడివేడిగా పెట్టు. ఆమె మన మనిషి. వాడు అడిగితే ఖాళీ ఆకులు నాకమని చెప్పు."

కొడుకు బెటో కాఫీ కప్పు వెనక నవ్వు దాచుకున్నాడు. వాళ్ల కోడలు అంపారో మాత్రం నవ్వలేదు. షెరీఫ్ ఆఫీసులో డిటెక్టివ్ ఆమె. వారానికొక్క రోజు సెలవు దొరుకుతుంది. అత్తామామల మధ్య తీర్పు చెప్పడానికి ఆ సెలవు ఖర్చు చేసుకోదు.

రెఫూహియో గిన్నె తీసుకుని పికప్ ఎక్కాడు.

పది గంటలకి అంపారో ఫోను మోగింది.

"రస్సెల్ హేగ్ చచ్చిపోయాడు," అన్నాడు షెరీఫ్ కెండ్రిక్. "పార్కులో. వెంటనే రా."

*

హేగ్ వాగులో రాళ్ల మీద బోర్లా పడి ఉన్నాడు. మెడ విరిగింది. బైనాక్యులర్ ఇంకా మెడలోనే ఉంది.

పైన చెక్కల వంతెన. మొదటి పలక వాగులోకి వేలాడుతోంది.

"స్క్రూలు విరగలేదు. ఎవరో విప్పారు," అన్నాడు డెప్యుటీ లానీ. "పలకని ఉత్తినే పైన ఆనించి ఉంచారు. కాలు పెట్టగానే తిరగబడింది."

"ఆయనొక్కడే ఎందుకు ఎక్కాడు? వెనక పదిమంది ఉన్నారు కదా?" అని అతనే అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు అంపారోకే తెలుసు. అరుదైన పిట్ట అలికిడైతే నాయకుడు చెయ్యెత్తుతాడు. అందరూ ఉన్నచోటే ఆగిపోతారు. పిట్ట బెదరకుండా అతను ఒక్కడే ముందుకి వెళ్లి, చూసి, చెయ్యి ఊపితేనే మిగతావాళ్లు కదులుతారు. ఈ నడకల్లో అది దాటరాని పద్ధతి. నేర్పింది రెఫూహియోనే.

వాగు అవతల విల్లో గుబురులోంచి ట్రోగన్ కూసింది. ఎర్ర రొమ్ము, పచ్చని వీపు ఉండే ఆ పిట్ట కోసం జనం దేశమంతా దాటి వస్తారు. హేగ్ చెయ్యెత్తాడు. వంతెన ఎక్కాడు.

కెండ్రిక్ ఆమెని పక్కకి పిలిచాడు.

"ఈ వంతెన బాగుచేసిందెవరు?"

"మా మామగారు."

"హేగ్ మీద కోపం ఉన్నదెవరికి?"

అంపారో వేలాడుతున్న పలక వైపు చూసింది.

"నిన్న సాయంత్రం మీ మామగారు ఇక్కడ స్క్రూలు విప్పుతుంటే చూశానని ఒక సాక్షి చెప్పింది. నిజానికి నువ్విక్కడ నిలబడటమే తప్పు. నాలుగింటికి బయటి డిటెక్టివ్ వస్తున్నాడు. వచ్చాక నువ్వు ఇంటికి, మీ మామగారు లోపలికి. ఈలోపు మాట్లాడుకో. లానీ నీ పక్కనే ఉంటాడు."

"సాక్షి ఎవరు?"

"మార్లీన్ స్టోడార్డ్."

*

రెఫూహియో పికప్ వెనక కూర్చున్నాడు. గిన్నె ఒళ్లోనే ఉంది. మూత తీయలేదు.

"నిన్న సాయంత్రం వంతెన దగ్గరికి వెళ్లారా మామయ్యా?"

"వెళ్లాను. పక్క కర్ర వదులైంది. బిగించి వచ్చాను."

"ఎవరైనా చూశారా?"

ఆయన ముఖం విప్పారింది. "మార్లీన్ చూసింది. చెయ్యి కూడా ఊపింది. ఆమెని అడుగు."

"అడిగారు. మీరు స్క్రూలు విప్పుతున్నారని చెప్పింది."

ఆయన గిన్నె మూత మీద చెయ్యి పెట్టాడు.

"మార్లీనా?" అన్నాడు. "మన మార్లీనా?"

మార్లీన్ ప్రతి చలికాలం ఉత్తరాది మంచు తప్పించుకుని ఈ పార్కుకి వస్తుంది. ట్రైలర్‌లో ఉంటుంది. మూడేళ్ల కిందట ఆమె భర్త గోర్డన్ ఈ దారిలోనే గుండె ఆగి పోయాడు. ట్రోగన్ చూడాలన్నది ఆయన కోరిక. తీరలేదు. ఆ పిట్టని చూసేదాకా చావనని ఆమె అందరితో అంటూ ఉంటుంది. అప్పటి నుంచి ఆమెకి భోజనం ఎలోదియా బల్ల దగ్గరే.

అంపారో ఆమె దగ్గరికి వెళ్లింది. మార్లీన్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నన్ను క్షమించు తల్లీ. చూసింది చెప్పకుండా ఉండలేను కదా. మీ అత్త మొహం ఎలా చూడాలో తెలియట్లేదు."

"సరిగ్గా ఏం చూశారు?"

"పలక దగ్గర వంగి ఉన్నాడు. డ్రిల్లు చప్పుడు."

"బిగించే చప్పుడా, విప్పే చప్పుడా?"

"నాకేం తెలుసు ఆ తేడా!"

"షెరీఫ్‌తో మాత్రం విప్పడమేనన్నారు."

మార్లీన్ ముక్కు తుడుచుకుంది. 

*

అంపారో మిగతా అందరినీ ఒకే ప్రశ్న అడిగింది.

"పిట్టని చూశారా?"

"విన్నాను."

"చూశారా?"

"లేదండీ. విన్నాను."

అందరిదీ అదే మాట. ఒక్కరూ చూడలేదు.

చలికాలంలో ట్రోగన్ నోరు విప్పడం అరుదు. ఆ సంగతి మామగారు అన్నం తింటూ ఇంటిల్లిపాదికీ ఎన్నోసార్లు చెప్పాడు. ఇవాళ అది గొంతు చించుకుని కూసింది. అదీ వంతెనకి సరిగ్గా అవతల.

అంపారో, లానీ చుట్టూ తిరిగి అవతలి గట్టు ఎక్కారు. విల్లో కొమ్మకి, మనిషి చేతికి అందే ఎత్తులో, పిడికిలంత నల్లటి బ్లూటూత్ స్పీకర్ తాడుతో కట్టి ఉంది. వాగు చుట్టూ పోలీసులు నిండిపోయారు. కట్టినవాళ్లకి వచ్చి విప్పుకునే వీలు చిక్కలేదు.

"ఫోను దగ్గర్లో ఉంటేనే ఇది మోగుతుంది," అన్నాడు లానీ. "అంటే గుంపులోనే ఎవరో."

"గుంపులోనే. మా మామయ్య అప్పుడు కార్ల దగ్గరున్నాడు."

"ఇంకెవరి చేతనో మోగించాడంటారు మేడమ్."

లానీ అన్నది నిజమే. ఇంకొక్కటి కావాలి.

అది నదీన్ దగ్గర దొరికింది. ఆమె టూసాన్ నగరం నుంచి భర్తతో వచ్చింది.

"మా ఆయనకి పిట్టల పిచ్చి," అంది నదీన్. "నాకు ఆ పిచ్చివాళ్ల మొహాలు చూడటం సరదా. పిట్ట కూయగానే అందరూ ఎలా బిగుసుకుపోయారో! ముందుకెళ్లి, వెనక్కి తిరిగి ఫొటో తీశాను. పాపం, ఆ మరుక్షణమే..."

అంపారో ఫొటో చూసింది. పెద్దది చేసి చూసింది.

తర్వాత టైము చూసుకుంది. మూడు దాటింది.

"లానీ, అందర్నీ పార్కు గదిలో కూర్చోబెట్టు. షెరీఫ్‌ని కూడా పిలు."

*

 రెఫూహియో మూలన నిలబడ్డాడు. ఆయన పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోలేదు.

అంపారో ఫొటోని గోడ మీది తెర మీద వేయించింది.

"ట్రోగన్ కూసిన క్షణం ఇది. అందరూ ఏం చేస్తున్నారు?"

"బైనాక్యులర్లు ఎత్తాం," అన్నాడు నదీన్ భర్త. "ఎత్తకుండా ఎలా ఉంటాం? చెయ్యి దానంతటదే లేస్తుంది."

"నిజమే. చెయ్యి దానంతటదే లేస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లకి కూడా లేచింది. ఒక్కరికి లేవలేదు."

తెర మీద ఎడమ చివర మార్లీన్. బైనాక్యులర్ రొమ్ము మీద వేలాడుతోంది. దాని అద్దాల మీద రబ్బరు మూత అలాగే ఉంది. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. ఆమె విల్లో చెట్టు వైపు చూడటం లేదు. వంతెన వైపు చూస్తోంది.

"ఆ పిట్ట కోసం అందరికంటే ఎక్కువ తపించింది మీరు," అంది అంపారో. "అది నిజంగా అక్కడుందని అనుకుంటే మీరు మూత తీయకుండా ఉండగలరా? అక్కడ పిట్ట లేదని మీకు తెలుసు. అందుకే చూడలేదు."

"చలికి చేతులు బిగుసుకుపోయాయి." మార్లీన్ గొంతు మామూలుగానే ఉంది. "ఒక రబ్బరు మూత కోసం నన్ను హంతకురాలిని చేస్తావా అంపారో? మామగారిని కాపాడుకోవడానికా?"

కెండ్రిక్ ఇబ్బందిగా కదిలాడు.

అంపారో లానీకి తల ఊపింది. లానీ గ్లౌజు వేసుకున్న చేత్తో స్పీకర్ బల్ల మీద పెట్టాడు. బటన్ నొక్కాడు.

రెండు క్షణాలు ఏమీ లేదు.

టింగ్‌మని మోగింది. దాని మీద నీలం దీపం వెలిగి నిలబడింది.

"అలవాటైన ఫోను దొరికితే అలా వెలుగుతుంది," అన్నాడు లానీ. "మిగతా అందరి ఫోన్లూ ఆపించి బయట బుట్టలో పెట్టించాను. మీ చేతిసంచి మాత్రం ముట్టుకోలేదు మేడమ్."

అందరూ ఆమె ఒళ్లోని సంచి వైపు చూశారు.

మార్లీన్ దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. మాట మారిపోయింది.

"గోర్డన్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. నేనారోజు జ్వరంతో ట్రైలర్‌లో ఉన్నాను. గుంపు వెనకాల ఆయన పక్కనున్న హేగ్ చూశాడు. ట్రోగన్ కూసిందని, ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తానని వెళ్లిపోయాడు. నడక ముగిసేదాకా తిరిగి చూడలేదు. ఈమధ్య తాగి వాడే నోరు జారి ఇదంతా చెప్పాడు. విచారణలో ఏం చెప్పాడో తెలుసా? ఆయనే ఆగిపోతానన్నాడట." ఆమె నవ్వింది. "ఆ పిట్ట కోసం నా మనిషిని వదిలేశాడు. ఆ పిట్టనే వాడి దగ్గరికి పంపాను. వాడు పరిగెత్తడం కళ్లారా చూశాను. మూడేళ్లలో నా మనసు చల్లబడిన క్షణం అదొక్కటే."

"మరి మా మామయ్య?"

"ఎవరో ఒకరి మీదికి పోవాలిగా." ఆమె రెఫూహియో వైపు చూడలేదు. "ఆయనకి పెళ్లాం ఉంది, కొడుకున్నాడు, పోలీసు కోడలివి నువ్వున్నావు. మోయడానికి ఇంతమంది ఉన్నారు. నాకెవరున్నారు?"

కెండ్రిక్ బేడీలు తీశాడు.

*

రాత్రి భోజనాల వేళ. రెఫూహియో గిన్నె వెనక్కి తెచ్చాడు. ఎలోదియా తమాలేలు వేడి చేసి అందరికీ వడ్డించింది. చివర తను కూర్చుంది. తినలేదు.

"జైల్లో మనుషుల్ని ఎప్పుడు చూడనిస్తారు?" అని అంపారోని అడిగింది.

"ఆదివారాలు అత్తయ్యా. అద్దం అవతలి నుంచి. ఎందుకు?"

"నేను వెళ్తాను."

బెటో చెంచా కింద పెట్టాడు. "నీకు మతిపోయిందా అమ్మా? నాన్నని ఉరికెక్కించబోయిన మనిషిని చూడటానికా?"

"అవును. ఆ మనిషినే."

"వెళ్లి ఏం చేస్తావు? క్షమిస్తావా?"

"క్షమించడానికి నేనేమన్నా చర్చిలో ఫాదర్నా?" ఎలోదియా గొంతు పెంచలేదు. "తిట్టను. ఏడవను. ఒక్క మాట కూడా అనను. ఎదురుగా కూర్చుంటాను. నా చేతి అన్నం తిన్న మనిషి. నాకెవరున్నారు అందట కదా? నేనున్నాను. ఆమె నా మొహం చూడాలి. ప్రతి ఆదివారం చూడాలి."

రెఫూహియో భార్య వైపు తిరిగాడు.

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లు వేస్తే అన్నాళ్లు," అంది ఎలోదియా. "తినండి, చల్లారిపోతున్నాయి."