రేకు మీద ఏం రాయాలి

మధ్యాహ్నం రెండున్నరకి ధర్మారావు మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి రత్నం గుమ్మంలోనే కాపు కాసి ఉంది. ఆయన సైకిలుకి స్టాండు వెయ్యకముందే చెయ్యి చాపింది.

"తెచ్చావా నాన్నా?"

"నన్ను లోపలికి రానిస్తావేటి, ఇక్కడే నిలబెట్టేస్తావా?" అన్నాడాయన నవ్వుతూ.

జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో తళతళలాడే స్టీలు రేకు ఉంది. బొటనవేలంత వెడల్పు, బెత్తెడు పొడవు. అంచులు గీసుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీశాడు. దారం కట్టుకోవడానికి రెండు చివరలా కన్నాలు కూడా పెట్టాడు.

ధర్మారావు భిలాయి స్టీలు ప్లాంటులో, మెషిన్ షాపులో ఫిట్టరు. ఫోర్‌మన్‌ని అడిగి, పనికిరాని ముక్క ఒకటి తీసుకుని కూతురి కోసం దీన్ని చేశాడు.

రత్నం అసలు పేరు కనకరత్నం. ఆరో క్లాసు చదువుతోంది. ఆ పిల్ల కాళ్లు ఒకచోట నిలిచాయంటే ఆ రోజు జ్వరం వచ్చినట్టే. వచ్చే ఆదివారం మూడు మైళ్ల పరుగు పందెం ఉంది. ఆడపిల్లల్లో తనే మొదట వస్తానని రత్నం వీధి వీధంతా చెప్పేసింది.

పందెం గురించి డ్రిల్లు మాస్టారు గురుమూర్తిగారు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు.

"పోయినేడు ఒక కుర్రాడు రోడ్డు మీద సొమ్మసిల్లి పడిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు ఇంట్లో పడుకోబెట్టి నీళ్లిచ్చారు. కానీ ఎవరి పిల్లాడో వాళ్లకి తెలీలేదు. సాయంత్రం దాకా వాళ్లక్కడ, తల్లి ఇక్కడ. అందుకని ఈసారి అందరి చేతికీ ఒక చీటీ ఉండాలి. మీరు నోరు తెరవలేకపోతే, మిమ్మల్ని చూసినవాళ్లకి ఏం తెలియాలి? అది రాసుకుని రండి."

మిగతా పిల్లలు గుడ్డముక్కల మీద సిరాతో రాసుకుంటున్నారు. రత్నం చేతికి మాత్రం స్టీలు రేకు.

"షాపులో ఇంగ్లీషు అక్షరాల పంచీలున్నాయి," అన్నాడు ధర్మారావు. "ఒక్కో అక్షరం పెట్టి సుత్తితో కొట్టాలి. రెండు వరుసలే పడతాయి. వరుసకి ఇరవై రెండు మించవు. కొట్టేక చెరపడం కుదరదమ్మా. బాగా ఆలోచించి రాసియ్యి."

రత్నం పెన్సిలు పట్టుకుని కూర్చుంది. వంటింట్లోంచి తల్లి సూర్యావతి కేకేసింది.

"ఒలే, ముందు ఆ సూదిమందు సంగతి రాయే."

రత్నం మొహం ముడుచుకుంది.

రెండేళ్ల కిందట గొంతునొప్పికి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోయి, ఊపిరి ఆడలేదు. డాక్టరుగారు చాలాసేపు పక్కనే ఉండి ప్రాణం నిలబెట్టారు. ఈ పిల్లకి జన్మలో పెన్సిలిన్ ఇవ్వకండి అని చెప్పి పంపారు. రత్నం ఆ సంగతి స్కూల్లో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే మాస్టారు పక్కన కూర్చోబెట్టేస్తారని భయం. రోగిష్టి గుంట అని పిల్లలు ఏడిపిస్తారని సిగ్గు.

కాసేపటికి కాగితం తెచ్చి తండ్రికిచ్చింది. మొదటి వరుసలో చింతాడ కనకరత్నం, ఆరు బి. రెండో వరుసలో గెడ్డవలస, శ్రీకాకుళం.

"మందు గురించి రాసేవేటి?" అంది తల్లి.

"చోటు చాల్లేదమ్మా."

సూర్యావతి ఇంకా ఏదో అనబోయేలోపే ధర్మారావు కాగితం చూసి మురిసిపోయాడు. ఇది వెయ్యిన్నీ తొమ్మిదివందల అరవై ఆరు నాటి మాట. వాళ్లుండే సెక్టర్ 7లో పనికోసం వచ్చిన తెలుగువాళ్లని ఎవర్ని అడిగినా మా ఊరు భిలాయి అనేవాళ్లు కాదు. ఒకరు బొబ్బిలి అనేవారు, ఒకరు టెక్కలి అనేవారు. క్వార్టరు కంపెనీది, ఊరు మాత్రం మనది అని పెద్దలు అంటూ ఉంటే పిల్లలూ అదే నేర్చుకున్నారు. రత్నం ఊహ తెలిశాక గెడ్డవలస చూసింది రెండు వేసవి సెలవుల్లోనే. అయినా ఎవరడిగినా గెడ్డవలసే.

"మన ఊరి పేరు మన పిల్ల చేతి మీద," అంటూ ధర్మారావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు అక్షరాలన్నీ లోతుగా, వంకర లేకుండా కొట్టి తెచ్చాడు.

ఆదివారం పొద్దున్న చలిగా ఉంది. మాస్టారు విజిల్ ఊదగానే పిల్లలంతా పరుగు తీశారు. మాస్టారు సైకిలు మీద వెనకబడినవాళ్లని చూసుకుంటూ వస్తున్నారు. రత్నం మొదటి మైల్లోనే అందరినీ దాటేసింది. రోడ్డు భిలాయి-3 అనే ఊరి వైపు మలుపు తిరిగాక వెనక్కి చూస్తే ఎవరూ కనబడలేదు. దానికి ఎంత సంతోషం వేసిందంటే, ఇంకోసారి వెనక్కి చూసింది.

అలా చూడటంలోనే కల్వర్టు దగ్గర కంకర మీద కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది. తల రాతి గట్టుకి కొట్టుకుంది. ఆ తర్వాత దానికేమీ తెలీలేదు.

మెలకువ వచ్చీ రానట్టుగా ఉన్నప్పుడు, ఎవరో తనని భుజాన వేసుకుని నడుస్తున్నారని తెలిసింది. చెవి పక్కన ఒక ఆడమనిషి రొప్పుతూనే మాట్లాడుతోంది.

"నోనీ, కళ్లు తెరువు నోనీ. వచ్చేశాం, ఇదిగో వచ్చేశాం."

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లల్ని ముద్దుగా నోనీ అని పిలుస్తారు. ఆవిడ పేరు బిసాహిన్ బాయి. పవర్ హౌస్ అనే పేటలోని బజారుకి కూరగాయలు పట్టుకెళ్తూ, కల్వర్టు దగ్గర పడి ఉన్న రత్నాన్ని చూసింది. గంప అక్కడే వదిలేసి, పిల్లని ఎత్తుకుని అర మైలు నడిచి ఒక చిన్న డిస్పెన్సరీకి తీసుకొచ్చింది.

డాక్టరు ఇంకా రాలేదు. కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు. రత్నాన్ని బల్ల మీద పడుకోబెట్టి మోకాలు కడిగాడు. గాయంలో మట్టి ఉంది, దెబ్బ లోతుగా ఉంది. చేతి మీద రేకు చూసి పైకి చదివాడు.

"పేరు కనకరత్నం. ఆరు బి అట, ఏ స్కూలో రాయలేదు. ఊరు గెడ్డవలస, శ్రీకాకుళం. అంటే ఆంధ్రా పిల్ల. రైల్లో వచ్చినవాళ్ల పిల్లేమో."

తల్లిదండ్రులు స్టేషన్లో వెతుక్కుంటూ ఉంటారనుకుని, పాపం, ఒక రిక్షా అతన్ని పిలిచి పవర్ హౌస్ రైల్వే స్టేషనుకి పంపాడు. వాళ్లమ్మ సూర్యావతి అక్కడికి రెండు మైళ్ల దూరంలో, సెక్టర్ 7లో, కూతురు గెలిచి వస్తుందని పాయసం వండుతోంది.

రత్నానికి మాటలు వినిపిస్తున్నాయి. కళ్లు మాత్రం పూర్తిగా విడటం లేదు. నాలుక కదలటం లేదు. స్టవ్ మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు, సూదులు గిన్నెలో కదిలే చప్పుడు వినబడ్డాయి.

"చీము పట్టకుండా పెన్సిలిన్ ఇచ్చేస్తాను," అన్నాడు కాంపౌండరు.

ఆ పేరు రత్నం చెవిన పడింది. వద్దని అరవాలనుకుంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఉన్న బలమంతా కూడదీసుకుని రేకున్న చెయ్యి పైకెత్తింది.

"చదివానమ్మా, చదివాను. గెడ్డవలస," అన్నాడు కాంపౌండరు సీసా ఊపుతూ. ఆయన తప్పేముంది? ఉన్నదే చదివాడు.

ఆ క్షణంలో రత్నానికి అమ్మ గుర్తొచ్చింది. ముందు సూదిమందు సంగతి రాయే అన్న మాట గుర్తొచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. అప్పుడు సూది పట్టుకున్న చేతికి, తనకి మధ్య, ఆ ఎత్తిన చేతినే అడ్డం పెట్టింది.

"ఆగు భయ్యా," అంది బిసాహిన్ బాయి.

"సూదంటే పిల్లలందరికీ భయమే. నువ్వు పట్టుకో."

"భయం కాదిది. ఏదో చెప్పాలని చూస్తోంది. నాకూ పిల్లలున్నారు, నాకు తెలుసు. గాయం కడిగావు కదా, కొంచెంసేపు ఆగితే ఏం పోతుంది? వాళ్లమ్మ వచ్చేదాకా నేను సూది వెయ్యనివ్వను."

కాంపౌండరు విసుక్కున్నాడు. బిసాహిన్ బాయి కదలలేదు. రత్నం చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, బల్లకీ ఆయనకీ మధ్య నిలబడింది. చివరికి ఆయన సూదిని పళ్లెంలో పెట్టేశాడు.

పావుగంట గడిచింది. బిసాహిన్ బాయి తడిగుడ్డతో మొహం తుడుస్తూనే ఉంది. మెల్లగా రత్నం నాలుక కదిలింది.

"పెన్సిలిన్... నాకు పడదు. చచ్చిపోతానన్నారు."

కాంపౌండరు సీసాని తీసి దూరంగా అలమారలో పెట్టేసి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"మరి ఈ రేకు మీద అదే కదా బేటీ ఉండాల్సింది," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే రత్నానికి ఇంకా ఏడుపొచ్చింది.

ఈలోగా మాస్టారు మిగతా పిల్లల్ని స్కూలుకి పంపేసి రత్నం కోసం వెతుకుతున్నారు. కల్వర్టు దగ్గర దొర్లిపోయిన వంకాయలు, టమాటాలు కనబడ్డాయి. వాటి మధ్య ఒక కాన్వాసు బూటు. చుట్టుపక్కల అడుగుతూ అడుగుతూ డిస్పెన్సరీకి వచ్చారు. ఆయన కబురు పంపితే ఇంకో గంటకి అమ్మా నాన్నా వచ్చారు. ఆ సందట్లో బిసాహిన్ బాయి ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ చూడలేదు.

తలకి దెబ్బ తగిలింది కాబట్టి రత్నాన్ని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ధర్మారావు పక్కన కూర్చుని రేకుని వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు.

"ఊరి పేరు సూసి పొంగిపోయేను. ఇంటి నెంబరు లేదని నాకైనా తోచలేదు," అన్నాడు.

ఇంటికి వచ్చిన రోజే రత్నం కొత్త కాగితం రాసి ఆయన చేతికిచ్చింది. ధర్మారావు చదువుకుని, వేలితో అక్షరాలు లెక్కపెట్టాడు. మొదటి వరుసలో పెన్సిలిన్ ఇవ్వకూడదని ఉంది, పక్కనే రత్నం అని ఉంది. రెండో వరుసలో సెక్టర్ 7, వీధి 12, క్వార్టర్ 4బి.

"అన్నీ రెండు వరుసల్లోనే పట్టేసేయే," అన్నాడు ఆశ్చర్యంగా.

రత్నం తల దించుకుంది.

"అప్పుడూ పట్టేది నాన్నా. నేనే పట్టదన్నాను."

ధర్మారావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సూర్యావతి వచ్చి కూతురి తల నిమిరి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

కొత్త రేకు కట్టుకుని రత్నం డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్లింది. క్లాసు పిల్లలంతా అక్కడే ఉన్నారు. చెయ్యి చాపి, అందరికీ వినబడేలా రెండు వరుసలూ చదివింది.

"నన్నింక పరిగెత్తనిస్తారా మాస్టారూ?"

"ఇప్పుడు నీ సంగతి నాకు తెలుసు కదా. ఇంకా ధైర్యంగా పంపిస్తాను," అన్నారాయన.

ఎవరూ ఏడిపించలేదు. ఒకమ్మాయి మాత్రం, తనూ రాయనిదేదో ఉన్నట్టు, తన గుడ్డముక్క విప్పుకుని, సిరా బుడ్డి కోసం వెతుక్కుంది.

ఆ తర్వాతి ఆదివారం రత్నం అమ్మతో కలిసి బిసాహిన్ బాయి ఇల్లు కనుక్కుంది. ఆవిడ్ని ఎరిగిన ఆ రిక్షా అతనే దారి చూపించాడు. మట్టిగోడల చిన్న ఇల్లు. వాకిట్లో ఆవిడ పాలకూర కట్టలు కడుతోంది. సూర్యావతి వెంట తెచ్చిన కొత్త గంప, చీర ఆవిడ ముందు పెట్టింది. ఏదో చెప్పబోయింది. హిందీ సగమే వచ్చు, అదీ రాలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"ఎందుకు దీదీ ఇవన్నీ," అంది బిసాహిన్ బాయి ఇబ్బంది పడిపోతూ. "రోడ్డు మీద పిల్ల పడి ఉంటే ఎత్తకుండా ఎవరు పోతారు?"

"మీరు ఆ సూదిని ఆపకపోతే నేనుండేదాన్ని కాదు," అంది రత్నం. దానికి హిందీ బాగా వచ్చు, పిన్నీ అన్నట్టు ఆవిడ్ని మౌసీ అని పిలిచింది. "నేను రాయాల్సింది రాయలేదు. రాయకపోయినా మీరు తెలుసుకున్నారు. మిమ్మల్ని ఎప్పటికీ మర్చిపోను మౌసీ."

బిసాహిన్ బాయి రత్నం చెయ్యి తీసుకుని రేకు తిప్పి చూసింది.

"నాకు చదవడం రాదు నోనీ. ఇందులో ఏముంది?"

రత్నం ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. పెన్సిలిన్ ఇవ్వకూడదు. పేరు రత్నం. సెక్టర్ 7, వీధి 12, క్వార్టర్ 4బి.

బిసాహిన్ బాయి కళ్లు మూసుకుని తనలో తను గొణుక్కుంది. తర్వాత పైకి చెప్పింది.

"పెన్సిలిన్ వద్దు. రత్నం. సెక్టర్ సాత్. వీధి... పది?"

"పన్నెండు మౌసీ."

"పన్నెండు. ఆగు, మళ్లీ చెప్పు. నువ్వు పరిగెత్తేది ఈ రోడ్డు మీదే కదా. నేను రోజూ ఇటే పోతాను. నాకు నోటికొచ్చేసి ఉంటే మంచిది."

రత్నం కళ్లు తుడుచుకుని, రేకు మీద వేలు పెట్టి, మళ్లీ మొదటినుంచి చదివింది.