తడిసిన ప్లగ్గులు

ఆ ఉదయం కూడా బండి స్టార్ట్ కాలేదు.

వంటగదిలో టీ వడగడుతున్న కూతురికి షెడ్డులోంచి అంతా వినిపిస్తూనే ఉంది. స్టార్టర్ మోటారు గిరగిరా తిరగడం, ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోవడం, మళ్లీ తిరగడం. చివరికి బ్యాటరీ నీరసించి మూలిగింది. ఆ తర్వాత కారు తలుపు ధడాలున పడింది. తండ్రి కోపం ఏ మోతాదులో ఉందో ఆ చప్పుడే చెప్పేసింది.

"చూశావా నీ కంప్యూటర్ వైభోగం!" ఆయన లోపలికొచ్చి తాళాలు బల్ల మీద గిరాటేశాడు. "ఇన్నేళ్లూ నా చేతికింద పిల్లిలా పడుంది. నువ్వు చెయ్యి పెట్టావు, మొండికేసింది."

"యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా తాళం తిప్పావా నాన్నా?"

"బండి ఎలా స్టార్ట్ చెయ్యాలో ఇప్పుడు నువ్వు నేర్పుతావా నాకు?"

ఆమె మళ్లీ టీ వడగట్టడంలో పడింది. తొట్టి దగ్గర తల్లి అటు తిరిగి, కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది. ఈ గొడవలో ఆవిడ ఒక్కనాడూ కల్పించుకోలేదు. అమ్మ కూడా తప్పు తనదే అనుకుంటోందని కూతురికి లోలోపల గుచ్చుకుంటూనే ఉంది.

తండ్రిని ఊళ్లో అందరూ మాస్టారనేవారు. ఆయన చెప్పింది పాఠాలు కాదు, బాగుచేసింది ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్లు. బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ స్క్రూని వెంట్రుకవాసి తిప్పేవాడు. అంతే, అప్పటిదాకా వణుకుతున్న ఇంజను పాలు తాగిన పసిపాపలా కుదుటపడేది. ఆయన రిపేరు కొట్లోనే పక్కన కూర్చుని కూతురు పని నేర్చుకుంది. ఇప్పుడు కొత్త బళ్లకు కంప్యూటర్ పెట్టి లోపాలు కనిపెట్టే వర్క్‌షాపులో మంచి పేరు తెచ్చుకుంది. ఎవరికీ అంతుపట్టని బండి వస్తే యజమాని ఆమెనే పిలుస్తాడు.

ఇంట్లో ఉన్నది ఆమెకంటే వయసులో పెద్దదైన కారు. తండ్రి వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి, చలి పెరిగినప్పుడల్లా బానెట్ ఎత్తి స్క్రూలు తిప్పడం కష్టమైపోయింది. అది చూడలేకే ఆమె ఇంజెక్షన్ కిట్ తెచ్చింది. సెలవు రోజుల్లో తండ్రీకూతుళ్లిద్దరూ షెడ్డులో కూర్చుని కార్బురేటర్ ఊడదీశారు. దాని స్థానంలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, పొగగొట్టంలో గాలి ఎంత మిగిలిందో పసిగట్టే సెన్సర్, ఆ లెక్క చూసి పెట్రోలు కొలిచిపోసే చిన్న కంప్యూటర్ పెట్టారు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకున్న రోజున, "నన్ను మించిపోయావే!" అని ఆయన ఆమె వీపు మీద చరిచిన చరుపు రెండ్రోజులు నొప్పి పెట్టింది. ఆ నొప్పి ఆమెకెంతో బాగుంది.

కొన్నాళ్లకే ఈ పేచీ మొదలైంది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు విప్పి చూస్తే నల్లగా, పెట్రోల్లో ముంచి తీసినట్టు తడిగా ఉండేవి. అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఎందుకు పడుతోందో వెతకడమే ఆమె పనైపోయింది. పొగగొట్టం అతుకు దగ్గర సన్నటి చీలిక కనిపించింది. అక్కణ్ణుంచి బయటి గాలి దూరి సెన్సర్‌ని మోసం చేస్తోందనుకుంది. గాలి ఎక్కువుందని నమ్మి కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది మరి. అతుకు మధ్య ఉండే గాస్కెట్ మార్చింది. అయినా ప్లగ్గులు తడిశాయి. ఇంజను వేడి చూసే సెన్సర్ అబద్ధం చెబుతోందేమోనని దాన్నీ మార్చింది. రాత్రంతా ఇంజెక్టర్లు కారుతున్నాయేమోనని పైపుకు మీటరు బిగించి చూసింది. ముల్లు కదల్లేదు. ఎర్తు వైర్లు గీకి మళ్లీ బిగించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పైగా ఆమె తిప్పితే మొదటి దెబ్బకే అందుకునేది. పంతులు కనబడగానే చేతులు కట్టుకున్న అల్లరి పిల్లాడిలా బుద్ధిగా తిరిగేది. మర్నాడు తండ్రి ఎక్కితే మళ్లీ మామూలే.

ఆ రోజు మధ్యాహ్నం అన్న వచ్చాడు. ఊరికి ఆ చివర కాపురం. తండ్రే ఫోన్ చేసి పిలిపించాడు.

"నీకు వర్క్‌షాపులో చేసే ప్రయోగాలు చాలవా చెల్లీ? బాగున్న బండిని ఎందుకు ఊడబీకావు?"

"బాగుంటే ఎందుకు ముట్టుకుంటాను అన్నయ్యా? నాన్న చేతులు చూశావా ఎప్పుడైనా?"

"చేతులు నొప్పెడితే అమ్మిపారేయాలి. ఈ పాత డబ్బాకి ఇంత గొడవెందుకు?"

"ముందు నన్ను అమ్మండ్రా!" తండ్రి కుర్చీలోంచి లేచాడు. "బండిలో లోపం లేదు. ఇది చేసిన పనిలో ఉంది. నా కొట్లో ఇలాంటి పని చేసినవాణ్ణి ఆ పూటే వెళ్లగొట్టేవాణ్ణి."

ఆమెకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఎవరన్నా పడేది గాని, ఈయన అన్నాడు.

"నా పనిలో తప్పుంటే ఈ పనే మానేస్తాను నాన్నా. రేప్పొద్దున నీ పక్కనే కూర్చుంటాను. ఎలా స్టార్ట్ కాదో నేనూ చూస్తాను."

తల్లి గభాల్న తలెత్తి ఏదో చెప్పబోయి, కొడుకు వైపు చూసి మానుకుంది.

మర్నాడు ఆకాశం ముసురేసి ఉంది. షెడ్డులో దీపం వేసి ఆమె డ్రైవరు పక్కసీట్లో కూర్చుంది. తండ్రి ఉతికిన చొక్కా తొడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. తాళం సగం తిప్పాడు. ట్యాంకులో పంపు సన్నగా రొద చేసింది. అంతవరకూ సవ్యంగానే ఉంది.

అప్పుడు ఆయన కాలు యాక్సిలరేటర్‌ని తొక్కింది. మళ్లీ తొక్కింది. మళ్లీ మళ్లీ తొక్కింది. కార్బురేటర్ బండికి చలి ఉదయాల్లో అలాగే తొక్కాలి. ఈ బండిలో తొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ ఇంత పెట్రోలు చిమ్మి ప్లగ్గుల్ని తడిపేస్తుంది. ఓస్, ఇదా, పాత అలవాటు అనుకుని ఆమె నవ్వబోయింది.

ఇంతలో ఆయన చెయ్యి డాష్‌బోర్డు కిందికి పోయింది. చలిలో పెట్రోలు పాలు పెంచడానికి లాగే చోక్ గుండీ ఉండే చోటు అది. గుండీ తీసేసి అక్కడ రేకుముక్క బిగించింది ఆయనే, తన చేత్తోనే. వేళ్లు ఆ రేకు మీద చీకట్లో స్విచ్చు కోసం తడుముకున్నట్టు తడుముకున్నాయి.

"చోక్ ఎవరు పీకేశారు?"

ఆమె ఆ రేకు వైపే చూసింది.

"కార్బురేటర్ ఒకసారి విప్పి కడగాలి. పెట్రోలు వచ్చే జెట్‌లో నలక పడ్డట్టుంది," అంటూ ఆమె వైపు తిరిగాడు. కొట్టుకు బండి తెచ్చిన కొత్త మనిషితో మాట్లాడినంత మర్యాదగా ఉంది ఆ గొంతు. "మీరేం కంగారుపడకండి. సాయంత్రానికి ఇచ్చేస్తాను."



ఆయన దిగి బానెట్ ఎత్తాడు. లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడిపోయాడు. ఏదో పోగొట్టుకున్నట్టున్న ఆ ముఖం మెల్లగా గట్టిపడింది. మళ్లీ తండ్రి ముఖమైంది. "అంతా నీ కంప్యూటర్ వల్లే," అని విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె ల్యాప్‌టాప్ తెచ్చి, స్టీరింగ్ ముందు కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. ఏం చేయాలో తోచకపోతే చేతికొచ్చిన పని చేయడం ఆమె అలవాటు. స్టార్ట్ చేయబోయే ముందు ఎంత తొక్కినా పట్టించుకోకుండా కంప్యూటర్‌కి చెప్పే వీలుంది. ఒక్క గడి మారిస్తే చాలు, రేపటి నుంచి ఆయన చేతిలో కూడా బండి పలుకుతుంది. వేలు మీట మీద ఉండగా అవతలి తలుపులోంచి ఎవరో వంగి మణికట్టు పట్టుకున్నారు.

"బాగుచెయ్యకు," అంది తల్లి.

"నీకు తెలుసా అమ్మా?"

తల్లి పక్కసీట్లో కూర్చుని తలుపు చేరవేసింది. "ఆ మధ్య ఒక సాయంత్రం మీ నాన్న రోడ్డు మూసేశారని ఆలస్యంగా వచ్చారు చూడు. రోడ్డెవరూ మూయలేదు. మన వీధి మొగలోనే బండి ఆపి, మాస్టారి ఇల్లెక్కడని అడుగుతున్నారట. మందుల షాపతను నాకు ఫోన్ చేశాడు. నాకు తలతిరుగుతోందని చెప్పి ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన్నే చూపించుకొచ్చాను. ఇంక బండి నడపనివ్వొద్దన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే బాగుచేస్తానంటావు. నువ్వూ ఆయన కూతురివేగా. కొన్ని బాగుపడవే తల్లీ." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తాళాలు ఎలా లాక్కోను? ఆ మనిషి ఇంకేం చూసుకుని బతుకుతాడు? ఎలా చెప్పాలా అని నేను కొట్టుకుంటుంటే, ఒకరోజు బండే కదలనంది. దేవుడే అడ్డుపడ్డాడనుకున్నాను. బండి పాడైందంటే కోపం బండి మీదికే పోతుంది."

"బండి మీదికి కాదమ్మా, నా మీదికి! రోజూ నన్ను చేతకానిదాన్ని చేస్తుంటే నువ్వు కప్పులు కడుగుతూ నిలబడ్డావు. అన్నయ్య ముందు ఎంత మాటన్నాడో విన్నావుగా?"

"విన్నాను. రాత్రి అన్నం దిగలేదు నాకు." తల్లి ఆమె చెయ్యి వదల్లేదు. "నువ్వు తట్టుకుంటావే. ఆయన తట్టుకోలేరు."

కూతురికి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. స్టీరింగ్‌కి తల ఆనించి చిన్నపిల్లలా ఏడ్చింది. తల్లి వీపు నిమురుతూ కూర్చుంది.

ఏడుపు తగ్గాక ల్యాప్‌టాప్ మూసేసి, "ఎప్పుడైనా తొక్కకుండా తిప్పితే స్టార్ట్ అయిపోతుందమ్మా. దీన్ని నమ్ముకోలేం," అంది.

ఆ పగలు తండ్రి నిద్రపోతున్నప్పుడు పెట్రోలు పంపుకు పోయే వైరు తెంచి, మధ్యలో చిన్న స్విచ్చు పెట్టింది. ఎవరి కంటా పడకుండా సీటు అడుగున అమర్చింది. అది నొక్కితే తప్ప ఇక ఆ ఇంజను ఎవరికీ పలకదు. ఇంతకాలం బళ్లు బాగుచేసిన చేతులతో మొదటిసారి ఒక బండిని కావాలని పాడుచేసింది. పాడుచేసే పనే అయినా అతుకులు శుభ్రంగా వేసి, టేపు ముడతల్లేకుండా చుట్టింది. ఇంకోలా చేయడం ఆయన నేర్పలేదు.

సాయంత్రం అన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అంతా విని, "నిన్ను అనవసరంగా అన్నాను," అని మాత్రం అనగలిగాడు.

తెల్లవారింది. స్టార్టర్ తిరిగి తిరిగి అలిసిపోయింది. తలుపు ధడాలుమంది.

"చూశావా నీ కంప్యూటర్ వైభోగం!"

ఆమె చేతిలో పని పక్కనపెట్టి ఆయనకెదురుగా నిలబడింది. "అవును నాన్నా. తప్పు నాదే. నాకు చేతకాలేదు."

దెబ్బలాటకు సిద్ధపడి వచ్చిన మనిషికి అవతలివాళ్లు ఆయుధం కింద పడేస్తే ఏం చేయాలో తోచదు. ఆయన భుజాలు కిందికి దిగాయి.

"ఓసి పిచ్చిదానా, దానికి కళ్లనీళ్లెందుకు?" దగ్గరికొచ్చి బిగుసుకుపోయిన వేళ్లతో ఆమె చెంప తుడిచాడు. "పని నేర్చుకునేటప్పుడు ఎవరికైనా తప్పుతుంది. నేను చెడగొట్టిన బళ్లు వరసగా నిలబెడితే ఈ వీధి చాలదు. పద, నువ్వే తిప్పి చూడు. నీ మాటైతే వింటుందేమో."

ఆమె సీటు కింద చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. తండ్రి పక్కసీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని చప్పుడు విన్నాడు. "బాగానే ఉందే," అన్నాడు తృప్తిగా. ముసురులో ఇద్దరూ ఊరంతా తిరిగొచ్చారు. ప్రతి మలుపు దగ్గరా ఆయన కొత్త ఊరు చూస్తున్నట్టు చూశాడు.

మర్నాటికి ఆయనకు అదేదీ గుర్తులేదు. మళ్లీ తాళాలు బల్ల మీద పడ్డాయి, మళ్లీ అదే మాట. ఆమె మళ్లీ తప్పు తనదేనంది. ఆయన మళ్లీ మెత్తబడ్డాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రతి ఉదయమూ అంతే. మొదట్లో ఆ మాట అనడం ఆమెకు కష్టంగా ఉండేది. రానురాను దాని కోసమే ఆమె త్వరగా నిద్ర లేవడం మొదలుపెట్టింది. ఎందుకంటే ఆయన ఏనాడూ మొక్కుబడిగా క్షమించలేదు. ప్రతిసారీ కొత్తగా, మనసంతా పెట్టి క్షమించేవాడు.

ఒకనాడు ఆమె పేరు కూడా ఆయనకు అందలేదు. వెతుక్కుని వెతుక్కుని వదిలేశాడు. అయినా చెంప తుడవడం మాత్రం మరచిపోలేదు.

"దిగులుపడకమ్మా," అన్నాడు. "పని సరిగ్గా రాలేదని నిన్నెవరైనా ఏమన్నా అంటే, నా దగ్గరికి పంపించు. నేను మాట్లాడతాను."